గవర్నరునే ఖైదు చేశారు!

ఒక రాజ్యం. దాని పంట మీద అప్పులవాళ్ల కన్ను. ఆ అప్పులవాళ్లకు వంత పాడే పాలకమండలి. వాళ్ల మాట వినని మద్రాసు గవర్నరు లార్డ్ పిగట్ చివరికి తన సైన్యం కాపలాలోనే ప్రాణాలు వదిలాడు. లండన్ పార్లమెంటు దాకా వెళ్లిన ఆ గొడవ కథ ఇది.

1776 ఆగస్టు 24, శనివారం. మద్రాసులో పొద్దు వాలింది. గవర్నరు జార్జ్ పిగట్ సెయింట్ జార్జి కోట నుంచి ఊరవతలి తోట బంగళాకు గుర్రబ్బండిలో బయల్దేరాడు. పక్కనే కల్నల్ జేమ్స్ స్టూవర్ట్ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన భోంచేసింది గవర్నరు ఇంట్లోనే. రాత్రి భోజనానికి కూడా గవర్నరే రమ్మని పిలిచాడు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు.

కోట దాటి రెండు వంతెనల మధ్యకు వచ్చేసరికి దారికి అడ్డంగా ఇద్దరు సైనికాధికారులు, వాళ్ల వెనక సిపాయిలు! ఒకరి చేతిలో పిస్తోలు. బండి ఆగింది. 'మీరు మా ఖైదీ' అన్నారు. పిగట్ పక్కకు తిరిగి చూశాడు. స్టూవర్ట్ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఉండదు మరి. పథకం ఆయనదే!

కాసేపటికి గవర్నరును వేరే బండిలోకి ఎక్కించి పరంగిమలై దండుకు తరలించారు. ఒక్క తూటా పేలలేదు. చెన్నపట్నం తెల్లారి లేచేసరికి కొత్త గవర్నరు కుర్చీలో ఉన్నాడు.

ఇంతకీ ఎవరీ పిగట్?

పద్దెనిమిదేళ్లకే పట్నానికి

జార్జ్ పిగట్ 1719 మార్చి 4న లండన్‌లో పుట్టాడు. జమీందారీ కుటుంబమేమీ కాదు. తల్లి ఫ్రాన్సెస్ అప్పటి రాణి కరోలిన్‌కు అలంకరణలు చేసే ఉద్యోగంలో ఉండేది. అలాంటి ఇళ్లలోని కుర్రాళ్లకు ఆ రోజుల్లో పెద్ద ఆశ ఈస్టిండియా కంపెనీ. 1736లో పిగట్ కంపెనీలో 'రైటరు'గా చేరాడు. అంటే గుమాస్తా. మరుసటి ఏడాది మద్రాసులో దిగేటప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

కంపెనీ ఇచ్చే జీతం చాలా తక్కువ. అసలు సంపాదనంతా సొంత వ్యాపారంలోనే. బట్టలు, వజ్రాలు, వడ్డీ వ్యాపారం... దేంట్లో వీలుంటే దాంట్లో చెయ్యి పెట్టేవాళ్లు. పిగట్ కూడా ఆ దారిలోనే ఎదిగాడు. రాబర్ట్ క్లైవ్ ఆయనకు సహోద్యోగి. 1751లో వృద్ధాచలం నుంచి తిరిగివస్తూ ఇద్దరూ పాలెగాళ్ల మనుషుల చేతికి చిక్కబోయి, గుర్రాలను దౌడు తీయించి బతికి బయటపడ్డారు.

1755 జనవరిలో ముప్పై అయిదేళ్లకే పిగట్ మద్రాసు గవర్నరయ్యాడు. కుర్చీ ఎక్కిన నాలుగేళ్లలోపే అసలు పరీక్ష వచ్చింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించాడు. కోట గోడల మీద రెండు నెలలపాటు ఫిరంగి గుళ్లు పడ్డాయి. సైన్యాన్ని కల్నల్ లారెన్స్ నడిపించాడు. తిండిగింజలు, మందుగుండు, డబ్బు వ్యవహారం మొత్తం పిగట్ చూసుకున్నాడు. 1759 ఫిబ్రవరిలో ఇంగ్లిషు ఓడలు కనిపించగానే లాలీ ముట్టడి ఎత్తేసి వెళ్లిపోయాడు.

ఈ ముట్టడి ప్రభావం తెలుగు నేల మీద కూడా పడింది. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివారి మీద తిరగబడిన విజయనగరం రాజు ఆనంద గజపతి, సాయం కోసం ముందు కబురు పెట్టింది మద్రాసుకే. లాలీ నెత్తి మీదికి వస్తున్న వేళ పిగట్ సర్కారు ఒక్క సిపాయిని కూడా పంపే స్థితిలో లేదు. దాంతో గజపతి కలకత్తా వైపు తిరిగాడు. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట స్వాధీనం... అలా కోస్తాలో ఫ్రెంచివారి కథ ముగిసింది.

1761 జనవరిలో పుదుచ్చేరి పడిపోయింది. దాన్ని ఇంగ్లండు రాజు పేరిట ఉంచాలని సైనికాధికారులు, కంపెనీకి అప్పగించాలని పిగట్ పట్టుబట్టారు. 'అప్పగించకపోతే సైన్యం ఖర్చుకు డబ్బివ్వను' అని పిగట్ తెగేసి చెప్పాడు. సైన్యం దిగివచ్చింది. ఎప్పుడో ఫ్రెంచివాళ్లు మద్రాసు నుంచి ఎత్తుకుపోయిన నల్లరాతి స్తంభాలు ఆ విజయంతోనే తిరిగి కోటకు చేరాయి. కోట లోపలి తమిళనాడు శాసనసభ భవనంలో వాటిలో కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి.

ఐర్లండు బిరుదు... ఇంగ్లండు సీటు

1763 నవంబరులో పిగట్ పదవి వదిలి స్వదేశానికి ఓడెక్కాడు. మద్రాసులో అడుగుపెట్టిన గుమాస్తా కుర్రాడు ఇప్పుడు కుబేరుడు. స్టాఫర్డ్‌షైర్‌లో పాట్షల్ అనే ఎస్టేటు కొన్నాడు. 1764లో 'సర్' అయ్యాడు. 1765లో వాలింగ్‌ఫర్డ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1766లో లార్డు బిరుదు వచ్చింది. 1768లో నియోజకవర్గం మార్చి బ్రిడ్జ్‌నార్త్ నుంచి గెలిచాడు. చనిపోయేదాకా ఆ సీటు ఆయనదే.

లార్డు అయినవాడు ప్రభువుల సభలో కూర్చోవాలి కదా, కామన్స్ సభలో ఎలా ఉన్నాడన్న సందేహం రావచ్చు. కిటుకంతా అక్కడే ఉంది. పిగట్‌కు దక్కింది ఐర్లండు లార్డు బిరుదు. ఐర్లండుకు అప్పట్లో వేరే పార్లమెంటు ఉండేది. అక్కడి లార్డులకు లండన్ ప్రభువుల సభలో చోటు ఉండేది కాదు. అందుకని ఇంగ్లండులో ఎన్నికల్లో నిలబడి కామన్స్ సభకు వెళ్లడానికి అడ్డు లేదు. పేరు ముందు 'లార్డ్', చేతిలో ఓటున్న సీటు... రెండూ దక్కేవి. ఇండియాలో సంపాదించి వచ్చిన కొత్త ధనవంతులకు ఇంగ్లండు లార్డు బిరుదు ఇవ్వడానికి పాత ప్రభువులకు మనసొప్పేది కాదు. ఐర్లండు బిరుదుతో సరిపెట్టేవాళ్లు. క్లైవ్‌కు 1762లో దక్కిన 'ప్లాసీ బ్యారన్' బిరుదు కూడా ఐర్లండుదే.

ఇలా డబ్బుతో తిరిగివచ్చినవాళ్లను ఇంగ్లండు జనం 'నేబాబ్'లని వెక్కిరించేవారు. మన నవాబు మాటే అది. పిగట్‌ను కూడా ఆ లెక్కలోనే జమకట్టారు. ఎస్టేటు, పార్లమెంటు సీటు, బిరుదు ఉన్న మనిషి హాయిగా కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. కానీ 1775లో మళ్లీ మద్రాసు వెళ్లాల్సి వచ్చింది. కారణం తంజావూరు.

నవాబు అప్పు... తంజావూరు ధాన్యం

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కంపెనీ నిలబెట్టిన ప్రభువు. ఇటు నెల్లూరు నుంచి అటు తిరునెల్వేలి దాకా ఆయన ఏలుబడే. పేరుకు నవాబు, మెడలోతు అప్పులు! కంపెనీ సైన్యం ఖర్చులు, దర్బారు ఆడంబరాలు, పక్క రాజ్యాల మీద ఆశ అన్నీ కలిసి ఆయన్ను అప్పుల్లో ముంచాయి. అప్పిచ్చింది బయటివాళ్లు కాదు, కంపెనీ ఉద్యోగులే. వడ్డీ మొదట్లో ఏడాదికి నూటికి 36 దాకా పలికింది. మన లెక్కలో మూడు రూపాయల వడ్డీ. తర్వాత తగ్గించినా పాతిక, ఇరవై.

అసలు తీర్చడానికి నవాబు దగ్గర రొక్కం ఉండేది కాదు. ఫలానా తాలూకా శిస్తు మీరే వసూలు చేసుకోండని పత్రం రాసిచ్చేవాడు. పత్రం చేతికి రాగానే అప్పిచ్చిన దొర మనుషులు ఊళ్ల మీద పడేవాళ్లు. రైతు ఇంట్లో గింజ మిగిలిందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. నవాబు అప్పు, దొర వడ్డీ కలిసి చివరికి చేరేది రైతు కల్లంలోకే.

అలాంటి నవాబు కన్ను కావేరి డెల్టా మీద పడింది. తంజావూరు అప్పుడు మరాఠా రాజుల ఏలుబడిలో ఉంది. రాజు తుళజాజీ. దక్షిణాదికి ధాన్యాగారం లాంటి నేల అది. నాయక రాజుల కాలం నుంచి తెలుగు యక్షగానానికీ, పదానికీ, సంగీతానికీ పుట్టినిల్లు. సంగీత త్రిమూర్తులు ముగ్గురూ పుట్టిన తిరువారూరు ఆ రాజ్యంలోదే. ఈ గొడవలు ముదిరేనాటికి త్యాగరాజు ఇంకా తొమ్మిదేళ్ల పిల్లవాడు.

తంజావూరు రాజుకూ నవాబుకూ మధ్య 1762లో పిగటే మధ్యవర్తిగా ఒప్పందం కుదిర్చాడు. పాత బకాయి కింద 22 లక్షలు, ఆపైన ఏటా 4 లక్షల రూపాయల కప్పం. పదకొండేళ్లు తిరిగేసరికి, 1773లో, బకాయిలు కట్టలేదన్న సాకుతో నవాబు కంపెనీ సైన్యాన్ని తోడు తెచ్చుకుని తంజావూరును మింగేశాడు. రాజు బందీ అయ్యాడు. అలా చేతికందిన కొత్త రాజ్యం శిస్తును కూడా నవాబు అప్పులవాళ్లకు రాసిచ్చేశాడు.

లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఇది విని మండిపడ్డారు. తమ అనుమతి లేకుండా ఇంత పని చేస్తారా అని గవర్నరు వించ్‌ను పదవి నుంచి తప్పించారు. తంజావూరును రాజుకు తిరిగి ఇచ్చేయాలని తీర్మానించారు. పాత ఒప్పందం కుదిర్చిన పిగట్‌కే ఆ పని అప్పగించారు. 1775 డిసెంబరు 11న ఆయన మద్రాసులో రెండోసారి బాధ్యతలు తీసుకున్నాడు.

గుర్రాల పెద్దమనిషి పద్దు

నవాబు బతిమాలాడు, అలిగాడు, బెదిరించాడు. రాజ్యం అప్పగింత కొంతకాలం వాయిదా వేస్తే చాలు, పెద్ద మొత్తం ముట్టజెబుతామని పిగట్‌కు ఆశ పెట్టారని ఆయన తమ్ముడు తర్వాత పార్లమెంటులో చెప్పాడు. పిగట్ వినలేదు. స్వయంగా తంజావూరు వెళ్లి 1776 ఏప్రిల్ 11న తుళజాజీని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు.

మద్రాసుకు తిరిగి వచ్చేసరికి ఒక పద్దు ఎదురుచూస్తోంది. దాఖలు చేసినవాడు పాల్ బెన్‌ఫీల్డ్. కంపెనీలో చిన్న ఉద్యోగి. జీతం ఏడాదికి కొన్ని వందల పౌండ్లు. కానీ మద్రాసులో ఆయన గుర్రాలు, బగ్గీల దర్జా అంతా ఇంతా కాదు. తంజావూరు శిస్తు మీద నవాబు తనకు 1,62,000 పౌండ్లకు పత్రాలు రాసిచ్చాడనీ, అవి కాక చేలో ఉన్న పైరు మీద రైతులు తనకు 72,000 పౌండ్లు బాకీ అనీ ఆయన లెక్క. రెండూ కలిపితే 2,34,000 పౌండ్లు!

ఇంత సొమ్ము ఒక గుమాస్తాకు ఎక్కడిదని పిగట్ అడిగాడు. కాగితాలు చూపమన్నాడు. బెన్‌ఫీల్డ్ సరైన ఆధారాలు చూపలేకపోయాడు. కౌన్సిల్ మొదట ఆ పద్దును తోసిపుచ్చింది. కొద్ది రోజులకే ఏం జరిగిందో ఏమో, అదే కౌన్సిల్‌లో అత్యధికులు మాట మార్చారు. బెన్‌ఫీల్డ్ కోరిక న్యాయమైందేనన్నారు! కౌన్సిల్‌లో పలువురు నవాబు అప్పుల్లో వాటాలున్నవాళ్లే మరి. తంజావూరు రాజు చేతికి పోతే వాళ్ల సొమ్ము కూడా పోతుంది.

పిగట్ కడిగిన ముత్యమేమీ కాదు. తొలి విడత గవర్నరుగిరీలో ఆయన వెనకేసుకున్నది తక్కువేమీ కాదు. రాజ్యం తిరిగి ఇప్పించిన తర్వాత తంజావూరులో కంపెనీ ప్రతినిధిగా తన మనిషి క్లాడ్ రస్సెల్‌నే పంపాలని పట్టుబట్టాడు. ఆ పదవి బంగారు గుడ్లు పెట్టే బాతని అందరికీ తెలుసు. అవతలి వర్గం స్టూవర్ట్‌ను సేనాధిపతిగా పంపాలంది. ఎవరి మనిషి తంజావూరులో ఉంటే ఆ ఏటి పంట వాళ్లు చెప్పినట్టు పోతుంది. పైకి కనిపించింది పదవుల పోట్లాట, లోపల ఉన్నది కావేరి ధాన్యం. అయితే ఒక్క తేడా ఉంది. పై నుంచి వచ్చిన ఉత్తర్వు పిగట్ పక్షాన ఉంది.

సంతకం ఎవరిది?

కౌన్సిల్‌లో మెజారిటీ అవతలి వర్గానిది. వాళ్లు తీర్మానం చేశారు. అధ్యక్షుడిగా నేను సంతకం పెట్టకుండా అది చెల్లదన్నాడు పిగట్. మెజారిటీ తీర్మానానికి గవర్నరు తల వంచాల్సిందేనన్నారు వాళ్లు. గవర్నరు ఒప్పుకోకపోతే కౌన్సిల్ ఏం చేయాలన్న దానికి కంపెనీ చట్టంలో తేటతెల్లమైన జవాబు లేదు.

ఆగస్టు 22న జార్జ్ స్ట్రాటన్, హెన్రీ బ్రూక్ అనే ఇద్దరు సభ్యులు గవర్నరును పక్కనబెట్టి తామే ఉత్తర్వు మీద సంతకాలు చేశారు. పిగట్ ఆ కాగితం లాక్కుని ఇద్దరి మీదా అభియోగం పెట్టాడు. అభియోగం ఉన్నవాళ్లకు ఓటు లేదన్నాడు. ఆ ఇద్దరినీ తీసేస్తే బలాబలాలు సమానం. తన అదనపు ఓటుతో ఇద్దరినీ సస్పెండ్ చేశాడు. మర్నాడు మిగతా ప్రత్యర్థులు నిరసన పత్రం పంపితే వాళ్లనూ సస్పెండ్ చేసి, వాళ్లతో చేరిన సైన్యాధిపతి సర్ రాబర్ట్ ఫ్లెచర్‌ను అరెస్టు చేయమన్నాడు.

అవతలి వర్గం వేరేచోట సమావేశమైంది. అసలు ప్రభుత్వం మాదేనని ప్రకటించుకుంది. ఫ్లెచర్ జబ్బుతో ఉండటంతో సైన్యాన్ని స్టూవర్ట్ చేతికిచ్చింది. ఆ తర్వాతి రోజు సాయంత్రమే రెండు వంతెనల మధ్య గవర్నరు బండి ఆగింది.

స్ట్రాటన్ గవర్నరయ్యాడు. కలకత్తాలో వారెన్ హేస్టింగ్స్ సర్కారు కొత్త పాలకులనే గుర్తించింది. కోర్టులో గానీ, కౌన్సిల్‌లో గానీ పిగట్ మాట వినే నాథుడు లేడు.

నెల ఆలస్యం

పరంగిమలై మీద పిగట్ ఎనిమిది నెలలు బందీగా ఉన్నాడు. అరెస్టు వార్త ఓడలో లండన్ చేరడానికే నెలలు పట్టింది. చేరాక మాత్రం పెద్ద దుమారం రేగింది. 1777 మార్చిలో కంపెనీ వాటాదారుల సభ సమావేశమైంది. పిగట్‌ను తిరిగి గవర్నరును చేయాలని 382 మంది, వద్దని 140 మంది ఓటేశారు. ఆ తర్వాత మంత్రులు, నవాబు తరఫువాళ్లు, తంజావూరు తరఫువాళ్లు అందరూ లాగీ పీకీ ఒక రాజీ కుదిర్చారు. పిగట్‌ను మళ్లీ గవర్నరు కుర్చీలో కూర్చోబెట్టాలి, వారం తిరిగేలోగా ఆయన పదవి అప్పజెప్పి ఇంగ్లండు వచ్చేయాలి! అవతలి వర్గం కూడా లండన్ వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ ఉత్తర్వు తేదీ 1777 జూన్ 10.

అప్పటికి పిగట్ చనిపోయి నెలయింది.

ఎండలకు ఆరోగ్యం బాగా దెబ్బతినడంతో ఏప్రిల్ 28న ఆయన్ను తోట బంగళాకు మార్చారు. ఇప్పటి ఓమందూరార్ ప్రభుత్వ ఎస్టేటు ఉన్న చోటు అది. మే 11న అక్కడే కన్నుమూశాడు. వయసు 58. కోట లోపలి సెయింట్ మేరీ చర్చిలో పాతిపెట్టారు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి లార్డు బిరుదుకు వారసుడు లేడు. బిరుదు ఆయనతోనే పోయింది. ఆయనకు బాసటగా ఉత్తరాలు పట్టుకుని లండన్ నుంచి వచ్చిన విలియం బర్క్ మద్రాసులో దిగేసరికి చూపించడానికి సమాధే మిగిలింది. ఈ విలియం బర్క్, ఎడ్మండ్ బర్క్‌కు ఆప్తుడు. తర్వాత తంజావూరు రాజుకు ప్రతినిధి అయ్యాడు.

వెయ్యి పౌండ్ల శిక్ష

మరణంపై విచారణ జరిపిన జ్యూరీ, అరెస్టుతో సంబంధమున్నవాళ్లంతా హత్య చేసినట్టేనని తీర్పు చెప్పింది. పైకోర్టు దాన్ని కొట్టేసింది. 1779లో పిగట్ తమ్ముడు అడ్మిరల్ హ్యూ పిగట్ కామన్స్ సభలో విషయం లేవనెత్తాడు. స్ట్రాటన్, బ్రూక్, ఫ్లోయర్, మెకే అనే నలుగురిని లండన్‌లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఎదుట విచారించారు. నేరం రుజువైంది. 1780 ఫిబ్రవరిలో శిక్ష ఖరారైంది. తలకు వెయ్యి పౌండ్ల జరిమానా!

మద్రాసులో లక్షల్లో ఆడుకున్నవాళ్లకు అది చిల్లర. అక్కడికక్కడే కట్టేసి ఇళ్లకు పోయారు.

కల్నల్ స్టూవర్ట్‌ను సైనిక న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది. మళ్లీ మద్రాసు వచ్చాడు. హైదర్ అలీతో యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు, సైన్యాధిపతి అయ్యాడు. 1783లో అప్పటి గవర్నరు లార్డ్ మెకార్ట్నీతో పడలేదు. ఆ గవర్నరు ఆలస్యం చేయలేదు. స్టూవర్ట్‌నే అరెస్టు చేసి ఓడెక్కించాడు! మెకార్ట్నీ కూడా ఐర్లండు లార్డే కావడం విశేషం. ఆ కసితో 1786లో లండన్ శివార్లలో స్టూవర్ట్ ఆయన్ను ద్వంద్వ యుద్ధానికి పిలిచి, కాలు లేకపోయినా చెట్టుకు ఆనుకుని నిలబడి కాల్చి గాయపరిచాడు.

పిగట్ చావు ఒక ప్రశ్నను మాత్రం పార్లమెంటు ముందు నిలబెట్టింది. వాటా ఉన్నవాళ్లే తీర్పు చెప్పే కౌన్సిల్ చేతిలో రాజ్యాలు పెట్టొచ్చా? 1784లో కంపెనీపై ప్రభుత్వ నియంత్రణ బోర్డు వచ్చింది. 1786లో చేసిన చట్టంతో అవసరమైతే కౌన్సిల్‌ను కాదని నిర్ణయం తీసుకునే అధికారం గవర్నర్లకు దక్కింది. పిగట్‌కు ఆ అధికారమే ఉండుంటే ఆగస్టు 24 జరిగేది కాదు.

అయితే అప్పులవాళ్ల ఆట మాత్రం ఆగలేదు. 1785లో నవాబు అప్పులన్నిటినీ విచారణ లేకుండా తీర్చడానికి ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు ఎడ్మండ్ బర్క్ కామన్స్ సభలో నిప్పులు చెరిగాడు. ఆయన ప్రసంగంలో ప్రధాన ముద్దాయి బెన్‌ఫీల్డే. అయినా అప్పుల తీర్మానం నెగ్గింది. ఆపైన నెల్లూరు, చిత్తూరు సహా కర్ణాటక రాజ్యమంతా 1801లో కంపెనీ పరమైంది. మిగిలిన అప్పుల లెక్క తేల్చడానికి వేసిన కమిషన్ పాతికేళ్లు కూర్చుంది. మూడు కోట్ల పౌండ్లకు పైగా దావాలు వచ్చాయి. వాటిలో పదో వంతు కూడా నిజమైనవి కావని తేలింది! బెన్‌ఫీల్డ్ 1810లో పారిస్‌లో చిల్లిగవ్వ లేకుండా చనిపోయాడు.

వజ్రానికి లాటరీ!

మద్రాసు గవర్నర్లకూ వజ్రాలకూ పాత చుట్టరికం. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిన రాయిని కొని ఇంగ్లండుకు పంపిన గవర్నరు థామస్ పిట్ పేరు మీదుగా అది 'పిట్ వజ్రం' అయింది. పిగట్ కూడా తన తొలి విడతలో దాదాపు 50 క్యారెట్ల వజ్రం ఒకటి ఇంగ్లండుకు పట్టుకెళ్లాడు. చనిపోయేముందు దాన్ని ఇద్దరు తమ్ముళ్లకూ చెల్లెలికీ ఉమ్మడిగా రాసిచ్చాడు.

ఒక రాయి, ముగ్గురు వాటాదారులు. కోయలేరు, కొనేవాడు దొరకడు. చివరికి 1800లో పార్లమెంటు చట్టమే చేసి లాటరీకి అనుమతిచ్చింది. టికెట్టు రెండు గినీలు. 1801 జనవరిలో డ్రా తీశారు. దాదాపు 24 వేల పౌండ్లు వసూలయ్యాయి. మరుసటి ఏడాది వేలంలో ఆ వజ్రం 9,500 గినీలకు చేతులు మారింది. ఆ తర్వాత అది అల్బేనియా ప్రాంతాన్ని ఏలిన అలీ పాషా దగ్గరికి చేరిందనీ, 1822లో చనిపోతూ ఆయన దాన్ని ముక్కలు చేయించాడనీ కథ ప్రచారంలో ఉంది.

తంజావూరు మాత్రం తుళజాజీ చేతిలోనే ఉండిపోయింది. డైరెక్టర్ల ఉత్తర్వును ఎవరూ తిరగదోడలేకపోయారు. మద్రాసులో ఒక మనిషిని బందీ చేసి గెలిచినవాళ్లకు, ఆ మనిషి ఇచ్చేసిన రాజ్యం మాత్రం తిరిగి దక్కలేదు.